చింతపండు కొట్టిన ఆదివారం

ఉగాది వెళ్ళిన మూడో ఆదివారం, పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, నల్లగండ్లలో మా అబ్బాయి ఫ్లాటు బాల్కనీలో గోనెసంచులు పరుచుకొని మేం చింతపండు కొట్టడానికి కూర్చున్నాం. గంట నేను చూడలేదు, మా వియ్యంకుడు సుబ్బారావుగారు చూశారు. ఆయన మా కోడలు సుజాత వాళ్ళ నాన్న. గుడివాడ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడి, గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏ పని మొదలైనా చేతి గడియారం చూసి పైకి చెప్పడం ఆయనకు అలవాటు. "తొమ్మిది నలభై అయిందండీ అక్కయ్యగారూ, పదకొండుకల్లా అయిపోద్దంటారా?" అని అడిగారు. "చింతపండుకు టైంటేబుల్ లేదన్నా, కూసోండి" అన్నాను. ఆయన ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కొని, నొప్పి పెట్టే కాలు ముందుకు చాపుకొని కూర్చున్నారు.

చింతపండు కోసం కూర్చున్నామని వాళ్ళు అనుకున్నారు. నేను మాత్రం నా మనవరాలి కోసం కూర్చోబెట్టాను. మేఘన ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసేసింది, ఎంసెట్ ఇంకా రాయాలి. ఆ పరీక్ష పేరు మార్చారట, మా ఇళ్ళలో మాత్రం అది ఇంకా ఎంసెటే. కొన్నాళ్ళుగా పిల్ల మాతో కూర్చొని తినడం మానేసింది. పళ్ళెం గదిలోకి తీసుకుపోతుంది, ఖాళీ పళ్ళెం బయటకు తెస్తుంది. సుజాత ఆ ఖాళీ పళ్ళెం చూసి సంతోషపడేది. నేను బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తాను కాబట్టి, కరివేపాకు కుండీ వెనకాల చపాతీలు ఎండుతున్న సంగతి నాకే తెలుసు. పావురాలకు కూడా విసుగొచ్చి అవి తినడం మానేశాయి. పిల్ల చెంపలు లోపలికి పోయాయి. అడిగితే "ఏం లేదు నానమ్మా" అంటుంది. నేను అంతకంటే అడగలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళలోకి చూసి, ఏమైంది ఏమైంది అని అడిగితే నోరు విప్పిన మనిషిని నా బతుకులో నేను చూడలేదు.

ఆ పిల్ల కంచం ముందు ఎట్లా తింటుంది లెండి. మా ఇంట్లో ఆ నెలల్లో అన్నం ఒక్కటే వడ్డించేవాళ్ళు కాదు. నా కొడుకు మల్లేశ్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో పని చేస్తాడు. మంచివాడు, గొంతు పెంచడు. కానీ పెరుగు గిన్నె అందుకుంటూ, "ఇయ్యాల మాక్ టెస్ట్ ఎంతొచ్చింది బేటా?" అంటాడు. సుజాత అప్పడం వేస్తూ, "ఫిజిక్స్ తగ్గిందటండీ" అంటుంది. అంతలో కూకట్‌పల్లి నుంచి ఫోను, రోజూ ఆ వేళకే. "అమ్మాయ్, పోయినేడు ఏ కాలేజీకి ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చూశానమ్మా" అని సుబ్బారావుగారు మొదలుపెడతారు. ముగ్గురికీ పిల్లంటే ప్రాణం. ముగ్గురి ప్రేమా ఒకే ముద్దలో పెడితే గొంతు దిగుతుందా? నేను అడ్డం పడి, తినేటప్పుడు ఆ లెక్కలు వద్దన్నాను. "మరెప్పుడమ్మా మాట్లాడేది, అందరం కలిసేదే అప్పుడు" అన్నాడు మల్లేశ్. నిజమే అన్నాడు. మాట్లాడుకోవడానికి ఆ ఇంట్లో వేరే చోటు లేదు. హాలుంది, సోఫాలున్నాయి, టీవీ ఉంది. నలుగురు కలిసి చెయ్యి పెట్టే పని మాత్రం ఏదీ లేదు.

నేను పుట్టింది నానక్‌రామ్‌గూడలో. ఇప్పుడు అక్కడికి పోతే మెడ నొప్పి పుడుతుంది, పైకి చూసీ చూసీ. ఆ అద్దాల మేడల వెనకాల సందులో మా తమ్ముడు యాదగిరి ఇల్లు మిగిలింది, వాడి పెరట్లో ఒక చింతచెట్టు మిగిలింది. ఆ ఆదివారానికి ముందురోజు షేర్ ఆటోలో పోయి ఒక సంచెడు కాయ తెచ్చుకున్నాను. "బజార్ల కొట్టిన పండే దొరుకుతది గదక్కా, గీ వయసుల నీకెందుకు గీ పరేషాన్?" అన్నాడు తమ్ముడు. "కొట్టిన పండుతోని నాకు పని లేదురా, కొట్టుడుతోనే పని" అన్నాను. వాడు నా ముఖం చూసి, ఇంట్లోకి పోయి అమ్మ వాడిన నల్లరాయి, ఇనుపకడ్డీ కూడా తెచ్చి ఆటోలో పెట్టాడు. వాడికి అర్థమైంది. వాడూ ఆ రాయి ముందు కూర్చొని పెరిగినవాడే.

మా చిన్నప్పుడు ఆ చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలు. మా నాయన ఒకరి తోటలో కూలి. పందిళ్ళ కింద వంగి నడిచీ నడిచీ, రోడ్డు మీద కూడా వంగే నడిచేవాడు. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టి ఇంటికొస్తే ఆయన అంగీ నీలంగా ఉండేది. ఆ ఘాటు వాసన వచ్చిందంటే నాయన వచ్చాడని గుడ్డివాళ్ళకు కూడా తెలిసేది. అమ్మ తెల్లవారకముందే లేచి వాకిట్లో పేడనీళ్ళ సాన్పి చల్లి, పొయ్యి రాజేసి, జొన్నరొట్టెలు కొట్టేది. రొట్టె చప్పుడుకే మేం లేచేవాళ్ళం. మాటలు తక్కువ ఇల్లు మాది. నాయన తింటుంటే ఎవరూ నోరెత్తకూడదు. భయంతో కాదు. ఎండలో పడి వచ్చిన మనిషి అన్నం తినేటప్పుడు అన్నమే తినాలని మా అమ్మ పట్టుదల. "కడుపుల ముద్ద పోతున్నప్పుడు చెవుల ముచ్చట పొయ్యొద్దు, రెండు ఒక్క తోవల పోతె అడ్డం పడుతయి" అనేది.

మరి ముచ్చట ఎప్పుడంటే, ఎండలు ముదిరి చింతపండు దిగినప్పుడు. పెంకు ఒలిచిన కాయను ఎండలో పోసి, కాస్త వాడాక ఇంటిల్లిపాదీ రాయి చుట్టూ కూర్చునేవాళ్ళం. అమ్మ కొట్టేది. దెబ్బకు కాయ నోరు తెరిస్తే మేం గింజ తీసేవాళ్ళం. మా తాత ఈనెలు లాగేవాడు, బీడీ వెలిగించకుండా నోట్లో పెట్టుకొని. ఇల్లంతా పుల్లటి వాసన, నోట్లో ఊరే నీళ్ళు, గోళ్ళ సందుల్లో మంట. అక్కడ మా అమ్మ పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఎవరికి ఏం చెప్పుకోవాలన్నా అక్కడే చెప్పుకోవాలి. చెప్పేవాళ్ళ చెయ్యి ఆగకూడదు, వినేవాళ్ళ కన్ను లేవకూడదు. ఒకరు చెప్పడం అయ్యేదాకా ఇంకొకరు మాట్లాడకూడదు. చెప్పిన మాటను రేపు ఏ కోపంలోనో ఎత్తి ముఖాన కొట్టకూడదు. "తీసిన గింజను మల్ల పండుల కలుపుతమా?" అనేది. ఆ పద్ధతి అమ్మ సొంతమో, వాళ్ళ అమ్మ దగ్గర నేర్చిందో నేను అడగలేదు.

మా చిన్నాయన తోట బావి దగ్గర మోటరు కాల్చింది తానేనని ఆ రాయి ముందే ఒప్పుకున్నాడు. అందరం గింజలు తీస్తూనే ఉన్నాం. తాత తల ఎత్తకుండానే, "నాకెరికే. నువ్వెప్పుడు చెప్తవో అని చూస్తున్న" అన్నాడు. అంతే, ఆ సంగతి అక్కడితో అయిపోయింది. నేను కూడా ఒక ఏడు ధైర్యం చేశాను. తమ్ముణ్ణి బడికి పంపుతున్నారు. చేతిలో కాయ పట్టుకొని, దాన్నే చూస్తూ, "నేను గూడ బడికి పోత" అన్నాను. రాయి మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. చాలాసేపటికి అమ్మ అంది: "పోతె మంచిగనే ఉంటది బిడ్డా. పంపలేం. నువ్వొస్తెనే నాకు తోటల పని ఎల్లుతది." నేను ఏడ్చాను. ఏడుస్తూనే గింజలు తీశాను. నాయన తన ముందున్న కుప్పలోంచి మంచి మంచి కాయలు ఏరి నా వైపు జరుపుతూ కూర్చున్నాడు. మీకు ఇది చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఆడపిల్లకు చదువెందుకని వాళ్ళు అనలేదు. నీకు రాదని అనలేదు. లేదన్నది లేదన్నట్టే చెప్పారు.

అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి, ఊళ్ళో పెద్దవాళ్ళకు బడి పెట్టినప్పుడు. నాగలి పట్టినవాడికి సూది ఇచ్చినట్టుండేది బలపం చేతిలో. 'అ' గుండ్రంగా రావడానికి ఒక వానకాలం పట్టింది. ఇప్పుడు మీరు చదువుతున్నది నా చేత్తో రాసిందే. ఈ మాట చెబితే జనం వెంటనే, "చూశారా, ఆలస్యమైతే ఏమవుతుంది, ఎప్పుడైనా నేర్చుకోవచ్చు" అంటారు. నేనట్లా అనను. ఆలస్యం ఆలస్యమే. చిన్నప్పుడు వచ్చి ఉంటే ఇంకెంత చదివేదాన్నో. అందుకే పిల్లల చదువంటే నాకు చులకన లేదు. మేఘన పొద్దున్నే లేచి పుస్తకం తెరిస్తే ఆ పక్కన ఊరికే కూర్చోవడం నాకిష్టం, ఆ కాగితాల వాసన ఇష్టం. నా బాధ వేరే. ఏం చదువుతావని నన్ను అడిగినవాళ్ళు లేరు. ఈ పిల్లను అడగనివాళ్ళు లేరు. లిఫ్టులో అడుగుతారు, పాల ప్యాకెట్ల దగ్గర అడుగుతారు, పెళ్ళికి పోతే అక్షింతలు చేతిలో పట్టుకొని అడుగుతారు. అడగకపోవడం ఒక కరువు. ఇంతమంది అడగడం వరద. పంట రెండింటికీ పోతుంది.

ఇక ఆ ఆదివారం సంగతి. ఫోన్లన్నీ భోజనాల బల్ల మీద పెట్టించాను. సుజాత పెంకులు ఒలుస్తోంది, నేను కొడుతున్నాను, మల్లేశ్, మేఘన గింజలు తీస్తున్నారు, సుబ్బారావుగారికి ఈనెలు అప్పజెప్పాను. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో ఇంటర్‌కమ్ మోగింది. మల్లేశ్ పోయి మాట్లాడి నవ్వుకుంటూ వచ్చాడు. "కింది ఫ్లాటోళ్ళు కంప్లైంట్ ఇచ్చిన్రంట. ఆదివారం డ్రిల్లింగ్ బంద్ అంట."

"ఏమన్నావు మరి?" అంది సుజాత.

"చింతపండన్న. వాచ్‌మన్ నమ్మలే."

రాయి కింద పాత బొంత మడిచి పెట్టాం. చప్పుడు తగ్గింది. అప్పుడు మా అమ్మ పెట్టిన పద్ధతి వాళ్ళకు చెప్పాను. చెయ్యి ఆగొద్దు, కన్ను లేవొద్దు, మధ్యలో అడ్డం రావొద్దు, చెప్పింది మళ్ళీ ఎత్తిపొడవొద్దు. సుబ్బారావుగారు అంతా విని, "మా వైపు ఇలాంటిది లేదండి" అన్నారు.

"మీ దిక్కు చింతపండు తినరా అన్నా?"

"తినకేమండీ, తింటాం. దాన్ని పట్టుకుని మాట్లాడుకోం, అంతే."

అందరం నవ్వాం, మేఘన తప్ప. మళ్ళీ పనిలో పడ్డాం. పట్నంవాళ్ళకు మౌనం కొత్త. మల్లేశ్ రెండుసార్లు ఫోను కోసం జేబు తడుముకున్నాడు. ముందు నోరు విప్పింది సుజాత. పెంకులు ఒలుస్తూనే, ఎవరికీ కాదన్నట్టు చెప్పింది. "నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు. మా అపార్ట్‌మెంట్ అమ్మల గ్రూపులో అందరూ పిల్లల మార్కులు పెడతారు. నేను చూసి ఫోన్ బోర్లా పెట్టేస్తాను. మళ్ళీ తీసి చూస్తాను. పిల్లను ఏమీ అనకూడదనుకుంటాను. పొద్దున్నే లేచి దోసె వేస్తూ వేస్తూ అనేస్తాను." పెంకు మాత్రం నలగకుండా ఊడి వచ్చింది.

మల్లేశ్ ఏదో అనబోయాడు. "ఉండుర, అయిపోనియ్యి" అన్నాను. సుజాత చెప్పడం అప్పటికే అయిపోయింది. మళ్ళీ దెబ్బల చప్పుడు. అప్పుడు మేఘన, గింజను వేలితో నెడుతూ, పాఠం అప్పజెప్పినట్టు అంది: "నాకు నిద్ర పడుతుంది. ఎందుకంటే నేను జూన్‌లో ఎక్కడికి వెళ్తానో నాకు తెలుసు. లాంగ్ టర్మ్ హాస్టల్‌కి. నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. వెల్‌కమ్ అని, పరుపు, బకెట్ తెచ్చుకోమని. బెడ్ నంబర్ కూడా ఇచ్చారు."

లాంగ్ టర్మ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పరీక్షలో అనుకున్న ర్యాంకు రాని పిల్లలు ఏ కాలేజీలోనూ చేరకుండా, ఒక ఏడాది మొత్తం హాస్టల్లో ఉండి అదే పరీక్షకు మళ్ళీ చదవడం. అందులో తప్పేమీ లేదు, కావాలనుకున్నవాళ్ళు చదువుకుంటారు. కానీ మా పిల్ల పరీక్షే ఇంకా రాయలేదు. రాయకముందే తప్పుతుందని లెక్కగట్టి, మంచం నంబరుతో సహా మాట్లాడి పెట్టారు.

సుజాత చేతులు ఆగిపోయాయి. "ఎవరు చేర్చారు?" అంది. మల్లేశ్ ముందు గింజలు కుప్ప పడుతున్నాయి, వాడు అంత జోరుగా పని చేయడం నేను ఎప్పుడూ చూడలేదు. చివరికి సుబ్బారావుగారు గొంతు సవరించుకున్నారు.

"నేనూ, అల్లుడుగారూ వెళ్ళొచ్చామమ్మా. పరీక్షకి ముందే చేరితే మంచి బ్యాచిలో సీటు ఖాయమన్నారు. తర్వాత దొరకదన్నారు. జాగ్రత్తకేనమ్మా. నీకు చెబితే కంగారు పడతావని."

"నాకు చెప్పలేదు సరే, దానికి మెసేజ్ ఎలా వెళ్ళింది నాన్నా?"

"అక్కడ 'విద్యార్థి ఫోన్ నంబరు' అని ఉందమ్మా." ఆయన ఈనె వైపే చూస్తున్నారు. "అబద్ధం రాయకూడదు కదా."

నాకు నవ్వు, కోపం కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది. "పిల్లకు జరం రాకముందే దవాఖానల మంచం మాట్లాడినట్టున్నది మీ జాగ్రత్త. ఇంట్ల ఇద్దరు పెద్దమనుషులు పోయి, పిల్ల ఫెయిలైతదని ముందుగాల్నే దస్కత్ పెట్టొచ్చిన్రు. అది అన్నమెట్ల తింటది?" అని చపాతీల సంగతి కూడా చెప్పేశాను. చెప్పకూడదనుకున్నాను కానీ ఆగలేదు. సుజాత లేచి కరివేపాకు కుండీ వెనక్కి తొంగి చూసింది. తిరిగి వచ్చి కూర్చొని, కొంగుతో కళ్ళు తుడుచుకొని, కొంగుకు చింతపండు అంటుకుంది కాబట్టి ఇంకా మండి, మళ్ళీ తుడుచుకుంది.

"చెయ్యి ఆపకు బిడ్డా" అన్నాను. ఆపితే ఏడుపు పెద్దదవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు.

అప్పుడు మల్లేశ్ మాట్లాడాడు. వాడు మాట్లాడతాడని నేను అనుకోలేదు. తల ఎత్తలేదు. "నేను గూడ లాంగ్ టర్మ్ చేసిన గదా అమ్మా. అమీర్‌పేటల, కిరాయి రూముల. నీకేం చెప్పలే అప్పుడు. పొద్దున క్లాసు, మల్ల రూము. మాట్లాడెతందుకు మనిషి లేకుంటుండె. గోడ మీద బల్లి ఉంటుండె, దానితోని మాట్లాడుతుంటి. అది కిటికీల నుంచి ఎల్లిపోయిన నాడు ఏడ్చిన."

"మరి నీ బిడ్డకు గదే మాట్లాడి పెడితివి?"

"నాకు తెల్సిన తోవ అదొక్కటే అమ్మా" అన్నాడు. "ఆ తోవల పోయే ఈడిదాక వచ్చిన. దానికి ర్యాంకు రాకుంటే ఏం చెయ్యాల్నో నాకు తెల్వది. ఆఫీసుల ఎవలన్న అడిగితే ఏం చెప్పాల్నో తెల్వది. చేర్పిస్తే కనీసం ఒకటి చేసినట్టుంటది అనిపించింది."

నలభై దాటినా, కారు నడుపుతున్నా, వాడు ఆ క్షణంలో మోటరు కాల్చి వచ్చిన మా చిన్నాయనలా కనిపించాడు. మేఘన వాళ్ళ నాన్న వైపు ఒక్కసారి కన్నెత్తి చూసింది. పద్ధతి తప్పింది, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

"నాన్నా, నేను లాంగ్ టర్మ్ వద్దనట్లేదు" అంది. "అవసరమైతే నేనే అడుగుతానేమో. నన్ను ముందు పరీక్ష రాయనివ్వండి. హాల్లో కూర్చున్నప్పుడు నాకు ఆ బెడ్ నంబరే గుర్తొస్తే నేనేం రాస్తాను?"

ఇన్ని నెలలు ముగ్గురు పెద్దవాళ్ళు ఆ పిల్లను అడిగిన అన్ని ప్రశ్నల్లో ఈ ఒక్కటి లేదు. సుబ్బారావుగారు చేతులు ప్యాంటుకు తుడుచుకొని, లేవడానికి కాస్త కష్టపడి లేచి, బల్ల మీది ఫోను తెచ్చుకున్నారు. మా మధ్యనే కూర్చొని, అందరికీ వినిపించేలా పెట్టి ఆ కోచింగువాళ్ళకు ఫోన్ చేశారు. అవతల ఒక అమ్మాయి గొంతు.

"మా మనవరాలి సీటు రద్దు చేసుకుంటామమ్మా. పరీక్ష రాశాక అవసరమైతే అప్పుడు చూసుకుంటాం."

"రద్దు ఉండదు సార్. వేరేవాళ్ళకి మార్చుకోవచ్చు. ఇంట్లో ఇంకెవరైనా పిల్లలున్నారా సార్?"

సుబ్బారావుగారు మా అందరి వైపు చూశారు. "అన్నా, నన్ను తీస్కుంటరేమో అడుగుండ్రి" అన్నాను. "బకెట్ నాదే తెచ్చుకుంట." మేఘనకు నవ్వు వచ్చింది. మామూలు నవ్వు కాదు, చేతిలో చింతపండు ముఖానికి అంటుకునేంత నవ్వు. ఆ నవ్వు చూసి సుజాత, సుజాతను చూసి మల్లేశ్. అవతల అమ్మాయి "సార్, లైన్లో ఉన్నారా?" అంటోంది. "ఉన్నానమ్మా, ఎవరూ రారమ్మా, మంచం వేరేవాళ్ళకి ఇచ్చేయండి" అని ఆయన ఫోన్ పెట్టేశారు. పెట్టేసి, ముందు గడియారం చూసుకున్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది?

తర్వాత పని నెమ్మదిగా సాగింది. చేతులు ఆడుతుంటే ఎవరెవరి పని ఏమిటో కూడా అక్కడే తేలిపోయింది. పరీక్షల తేదీలు, హాల్ టికెట్లు సుజాత చూస్తుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం మీసేవ చుట్టూ తిరగడం మల్లేశ్ పని, చివరి వారం దాకా ఆగకుండా ఇప్పుడే. సుబ్బారావుగారు నాలుగైదు కాలేజీలకు పిల్లను తీసుకుపోయి చూపించాలి. బస్సు ఎట్లా ఉంది, క్యాంటీన్ ఎట్లా ఉంది, అక్కడి పిల్లలు ఏమంటున్నారు, అంతే, ర్యాంకుల మాట ఎత్తకూడదు. కాలేజీల వరస కంప్యూటర్లో పెట్టే రోజు వస్తే పైన ఉండాల్సింది పిల్లకు ఇష్టమైనది, వస్తుందనుకున్నది కాదు. ఈ సంగతి చెప్పింది సుబ్బారావుగారే. పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు అందిన మొదటిది ఇస్తారట, కాబట్టి ఇష్టమైంది పైన పెడితే పోయేదేమీ లేదట. ఆయన లెక్కలు అప్పుడు పనికొచ్చాయి. మేఘన పని చదువుకోవడం, అన్నం తినడం. ఈ ముచ్చట ఏదైనా సరే ఆదివారం పొద్దున, చేతిలో పనితోనే. మిగిలిన రోజులు బంద్.

ఆ మధ్యాహ్నం అందరం కలిసి తిన్నాం. మేఘన పప్పు రెండోసారి వడ్డించుకుంది. ఒక విచిత్రం మాత్రం చూశాను. ర్యాంకుల మాట లేకపోయేసరికి ఏం మాట్లాడుకోవాలో ఎవరికీ తోచలేదు. చాలాసేపు గరిటెల చప్పుడే. చివరికి సుబ్బారావుగారు, "పప్పులో ఉప్పు సరిపోయిందా?" అన్నారు. సరిపోయిందన్నాం. మళ్ళీ కాసేపటికి మల్లేశ్, "అమ్మా, ఆ బల్లికి నేను పేరు గూడ పెట్టిన" అన్నాడు. ఆ పేరేమిటో చెప్పమని పిల్ల వెంటపడింది. అట్లా మొదలైంది మా ఇంట్లో మళ్ళీ మాట.

చింతపండు రెండు ఆదివారాలకు అయిపోయింది. ఆ తర్వాత పల్లికాయలు ఒలిచాం, వెల్లుల్లి ఒలిచాం, గోరుచిక్కుడు తుంచాం. కింది ఫ్లాటావిడ చప్పుడు గురించి మాట్లాడటానికి వచ్చి, సంగతి విని, తన కొడుకును కూడా కూర్చోబెట్టమంది. "నీ కొడుకును నేనెందుకు కూసోబెడుత? నువ్వు కూసో వానితోని, చిక్కుడుకాయలు కొనుక్కపో" అన్నాను. ఆమెకు కోపమొచ్చింది. వచ్చే వారం కొనుక్కుపోయింది. నేను చెప్పేది అంతకంటే ఏమీ లేదు. మా కాలం మంచిదని నేను అనను. మా కాలంలో చింతపండు ముందు కూర్చొని అడిగినా నాకు బడి దొరకలేదు. ఈ కాలంలో బడి దొరికింది, కాలేజీలు రోడ్డుకొకటి దొరికాయి, కూర్చోవడమే పోయింది. రెండూ ఉన్న పిల్లను ఒక్కదాన్ని చూడాలని నా ఆశ.

మేఘన పరీక్ష రాసింది. హాస్టల్‌కు పోలేదు. ఇప్పుడు పొద్దున్నే బ్యాగు తగిలించుకొని, ఇడ్లీ నోట్లో పెట్టుకొని కాలేజీ బస్సు కోసం పరుగెడుతోంది. ర్యాంకు ఎంత వచ్చింది, ఏ కాలేజీ అని చదివేవాళ్ళు అడుగుతారని నాకు తెలుసు. చెప్పను. లిఫ్టులో అడిగినవాళ్ళకూ చెప్పలేదు.

ఆ ఆదివారం మా బాల్కనీలో ఉన్నవాళ్ళు వీళ్ళు: గుడివాడ సుబ్బారావుగారు, చేతి గడియారంతో, చాపుకున్న కాలుతో. కళ్ళు మండుతున్నా పెంకులు ఒలిచిన మా కోడలు సుజాత. తల ఎత్తకుండా మాట్లాడిన నా కొడుకు మల్లేశ్. నేను, అంజమ్మను. ఇంకా పరీక్ష రాయని మా మేఘన.